లేడీ డాక్టర్ ఉన్నారా అండీ?

ఆసుపత్రి కౌంటర్ దగ్గర ఈ ప్రశ్న అడిగేటప్పుడు మన గొంతు ఎంత తగ్గిపోతుందో ఎప్పుడైనా గమనించారా? ఫీజెంత అని గట్టిగానే అడుగుతాం. మన నంబరు ఎప్పుడొస్తుందని రెండు మూడుసార్లు అడుగుతాం. "లేడీ డాక్టర్ ఉన్నారా అండీ" అనే దగ్గరికి వచ్చేసరికి మాత్రం కౌంటర్ మీదికి వంగి, పక్కవాళ్లకి వినపడకుండా, ఏదో తప్పు చేస్తున్నట్టు అడుగుతాం. అవతల కూర్చున్న అమ్మాయి "లేరండీ, సార్ ఉన్నారు, వెళ్తారా?" అని హాలంతా వినపడేలా చెబుతుంది. కొందరం వెళ్తాం. కొందరం "మళ్లీ వస్తాంలెండి" అని చెప్పులేసుకుని ఇంటికొచ్చేస్తాం. ఆ "మళ్లీ" కొందరికి ఏళ్లు గడిచినా రాదు.

ఇంట్లో ఈ సంగతి ఎత్తితే వెంటనే వచ్చే జవాబు ఒకటుంది. "డాక్టర్‌కి ఆడేమిటి, మగేమిటి? వాళ్లకి ఇదంతా రోజూ చూసేదే." చెడ్డ ఉద్దేశంతో అనరు. ధైర్యం చెప్పడానికే అంటారు. కానీ అందులో సగమే నిజం. డాక్టర్‌కి రోజూ చూసేదే. చూపించేవాళ్లకి అది రోజూ చూపించేది కాదు కదా! బల్ల మీద పడుకుని, పైకప్పు కేసి చూస్తూ, కాళ్లు ఎడం చేయమంటే చేయాల్సిన మనిషి ఇబ్బందిని తెల్లకోటు వేసుకున్న మనిషి అలవాటుతో కొలిస్తే ఎలా?

నా అభిప్రాయం మొదట్లోనే చెప్పేస్తాను. బట్ట తొలగించాల్సిన పరీక్షలకి ఆడవాళ్లు ఆడ డాక్టర్‌ని కోరుకోవడం చాదస్తం కాదు. మగ డాక్టర్లని శంకించడమూ కాదు. అదొక మామూలు అవసరం, షుగరున్నవాళ్లు భోజనం వేళ గురించి అడిగినట్టే. మన ఆరోగ్యాన్ని దెబ్బతీస్తున్నది ఆ కోరిక కాదు. ఆ కోరికని పైకి చెప్పకుండా లోపలే పెట్టుకుని, రోగాన్ని కూడా దానితోపాటే దాచిపెట్టడం.

ఈ కోరిక ఎంత పాతదో చూడండి. విశాఖపట్నంలో విక్టోరియా ఆసుపత్రిని జనం ఘోషాసుపత్రి అంటారు. ఘోష అంటే తెలుగులో గోల, రోదన అని అర్థం ఉంది కాబట్టి, పురిటినొప్పుల కేకల వల్ల ఆ పేరు వచ్చిందనుకునేవాళ్లూ ఉన్నారు. అసలు మాట గోషా. ఫారసీ నుంచి ఉర్దూ మీదుగా మనకి వచ్చింది. మూల, చాటు అని దాని అర్థం. పరదా పాటించే స్త్రీలని గోషా స్త్రీలు అనేవారు. వాళ్లు మగ వైద్యుడి ముందుకి రారు కాబట్టి వాళ్ల కోసం ప్రత్యేకంగా కట్టినవి గోషా ఆసుపత్రులు. మన నోట్లో నాని అది ఘోషా అయింది. మద్రాసులో కూడా 1885లో అలాంటి ఆసుపత్రి మొదలైంది. దాని వెనక ఉన్నది డాక్టర్ మేరీ షార్లీబ్. ఆవిడ మద్రాసులో ఒక లాయరు గారి భార్య. మగ వైద్యుడికి చూపించుకోలేక కాన్పుల్లో చనిపోతున్న ఆడవాళ్లని చూసి, పిల్లల తల్లి అయ్యుండీ 1875లో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరింది.

మన గుంటూరు సంగతి ఇంకా దగ్గరిది. అన్నా కుగ్లర్ అనే అమెరికన్ డాక్టరమ్మ 1883లో గుంటూరు వచ్చి, 1898 నాటికి ఆసుపత్రి నిలబెట్టింది. ఆవిడ పేరుతోనే దాన్ని ఇప్పటికీ కుగ్లర్ ఆసుపత్రి అంటారు. ఆవిడ చదివింది పెన్సిల్వేనియాలోని మహిళా వైద్య కళాశాలలో. అదే కళాశాలలో 1886లో ఆనందీబాయి జోషి డాక్టరై వచ్చింది. అమెరికా వెళ్లేముందు 1883లో బెంగాల్లోని శ్రీరాంపూర్‌లో మాట్లాడుతూ, మన దేశానికి ఆడ డాక్టర్లు ఎందుకు కావాలో ఆవిడ చెప్పింది. తనకి పద్నాలుగేళ్లప్పుడు పుట్టిన బిడ్డ పది రోజులకే పోయింది. ఆ తల్లి తిరిగొచ్చి 1887లో ఇరవై రెండేళ్లు నిండకుండానే చనిపోవడం వేరే విషాదం.

ఈ చరిత్రంతా ఎందుకు చెప్పానంటే, "లేడీ డాక్టర్ కావాలి" అన్న మన ముత్తవ్వల పట్టుదల వల్లే ఆసుపత్రులు వెలిశాయి, ఆడపిల్లలకి మెడికల్ కాలేజీ తలుపులు తెరుచుకున్నాయి. వాళ్ల సిగ్గుని చూసి ఎవరూ "రోజూ చూసేదేగా" అని నవ్వి ఊరుకోలేదు. దానికి తగ్గ ఏర్పాటు చేశారు. ఇన్నేళ్ల తర్వాత, చదువుకున్న మనం అదే కోరికని గొంతు తగ్గించి అడగడమేమిటి?

సిగ్గు అనగానే అందరూ బట్టల గురించే ఆలోచిస్తారు. నాకైతే అంతకంటే పెద్ద చిక్కు మాటలది అనిపిస్తుంది. తెలుగు బీఏ చదివినదాన్ని కాబట్టి ఈ బాధ నాకు మరీ తెలుసు. మన ఒంట్లో ఆ భాగాలకి భాషలో రెండు రకాల మాటలే ఉన్నాయి. ఒకటి పుస్తకంలో ఉండే సంస్కృతం, రెండోది రోడ్డు మీద తిట్లు. ఇంట్లో మాట్లాడుకునే మామూలు మాట లేదు. అందుకే "కింద నొప్పండీ" అంటాం. "అక్కడ మంటగా ఉందండీ" అంటాం. "తెలుపవుతోంది" అంటాం. ఆడ డాక్టర్‌కి ఆ "కింద" అనే ఒక్క మాట చాలు. మూత్రం పోసేటప్పుడా, కలిసినప్పుడా, కూర్చున్నప్పుడా అని తనే అడుగుతుంది. మగ డాక్టర్ ముందు ఆ "కింద" కూడా గొంతులోనే ఆగిపోతుంది. "నీరసంగా ఉందండీ, నడుం లాగుతోందండీ" అని చెప్పి బలానికి ఓ టానిక్కు, విటమిన్ బిళ్లలు రాయించుకుని వచ్చేస్తాం. ఆయన తప్పేం లేదు. ఆయనకి చెప్పిన జబ్బుకి ఆయన మందిచ్చాడు. వైద్యుడి దగ్గర, వకీలు దగ్గర దాచకూడదని పెద్దలు అన్నారు. దాచకుండా చెప్పగలిగే మనిషిని ఎంచుకోవడం కూడా అందులో భాగమే కదా.

మా పెద్దమ్మ సంగతి చెబుతాను. ఆవిడ ఇప్పుడు లేదు. ఉన్నా నలుగురికీ పనికొస్తుందంటే చెప్పమనే అనేది. అయిదు కాన్పులు, అన్నీ ఇంట్లోనే, మంత్రసాని చేతుల మీద. యాభై దాటాక గర్భసంచి జారింది. పాత పంచె చింపి గుడ్డ బిగించి కట్టుకునేది. అలాగే వంట, అలాగే గొడ్ల పని, అలాగే కోతలకి పొలం వెళ్లడం. బిందె ఎత్తేటప్పుడు ఒక చెయ్యి పొత్తికడుపు మీద పెట్టుకునేది. నడుం నొప్పి కాబోలు అనుకునేవాళ్లం పిల్లలం. మండలంలో ఉన్న డాక్టరుగారు చాలా మంచాయన. జ్వరమొస్తే అందరం ఆయన దగ్గరికే. "ఇంకేమైనా ఇబ్బందా అమ్మా?" అని ఆవిడని అడిగేవారు కూడా. అడిగేది ఎలా? బల్ల పక్కన ఇంకో ఇద్దరు పేషెంట్లు నిలబడి ఉండగా, తలుపు దగ్గర మరో నలుగురు తొంగి చూస్తుండగా. "లేదు బాబూ" అని వచ్చేసేది. తర్వాత మా అమ్మతో అందిట, "మా పెద్దాడి ఈడువాడు, ఆయనకెలా చూపించనే?" అని.

తొమ్మిదేళ్లు అలా గడిచాయి. ఒకరోజు మూత్రం పూర్తిగా ఆగిపోయి, కడుపు ఉబ్బి, అర్ధరాత్రి ట్రాక్టరు మీద టౌనుకి తీసుకెళ్లారు. అక్కడ ఆడ డాక్టర్ చూసింది, వారం తర్వాత ఆపరేషన్ చేసింది. రెండు నెలలకి పెద్దమ్మ మామూలు మనిషైంది. "ఇంతేనా! దీనికేనా ఇన్నేళ్లు చచ్చాను" అందిట. ఆ టౌను మా ఊరికి బస్సులో ముప్పావుగంట. ఆ తొమ్మిదేళ్లలో ఏ రోజైనా ఆ మంచి డాక్టరుగారు "ఆడవాళ్ల ఇబ్బందులేమైనా ఉంటే ఫలానా చోట లేడీ డాక్టర్ ఉన్నారమ్మా, చీటీ రాసిస్తాను" అని ఒక్క మాట అనుంటే సరిపోయేది. అనాలని ఆయనకి తట్టలేదు. అడగాలని ఈవిడకి తెలియలేదు.

ఇప్పుడు కాలం మారిందనుకుంటాం. మనం గైనకాలజిస్ట్‌ని వెతుక్కుని, ఆవిడ పేరు చూసుకుని వెళ్తాం. అక్కడితో పనైపోయిందనుకుంటాం. ఒక్క డాక్టర్‌తో ఆసుపత్రి అయిపోదు కదా. స్కాన్ గది ఉంటుంది. ఈసీజీ తీసేవాళ్లుంటారు. మత్తు డాక్టర్ ఉంటారు. ఆపరేషన్ ముందు వెంట్రుకలు తీసేవాళ్లు, స్ట్రెచర్ మీదికి ఎత్తేవాళ్లు, రాత్రి డ్యూటీ డాక్టర్ ఉంటారు. పెద్ద కాలేజీ ఆసుపత్రుల్లో అయితే మంచం చుట్టూ పదిమంది స్టూడెంట్స్ నిలబడతారు. వీళ్లలో ఎవరు మన ఒంటి మీద చెయ్యి వేస్తారో, ఎవరు చూస్తారో మనకి ముందుగా చెప్పేవాళ్లుండరు.

రెండేళ్ల క్రితం నెలసరి ఎక్కువ రోజులు అవుతుంటే గైనకాలజిస్ట్ దగ్గరికి వెళ్లాను. ఆవిడ చూసి, స్కాన్ రాసి, పక్క బిల్డింగులో తీయించుకురమ్మన్నారు. కడుపు మీద తీసే స్కానే అనుకుని లీటరు నీళ్లు తాగి కూర్చున్నాను. పిలిచిన అమ్మాయి "బాత్రూమ్‌కి వెళ్లి రండి మేడం, ఇది లోపల నుంచి తీసే స్కాన్, ఖాళీగా ఉండాలి" అంది. లోపలికి వెళ్తే కుర్చీలో మగ డాక్టర్. ఆయనతో "లేడీ డాక్టర్ తీసే వీలుందా అండీ?" అన్నాను. ఆయన ముఖం చిట్లించలేదు. "మేడం సాయంత్రం ఆరుకి వస్తారు. అప్పుడు రావచ్చు, మళ్లీ డబ్బులు కట్టక్కర్లేదు. ఇప్పుడే కావాలంటే సిస్టర్ మీ పక్కనే ఉంటారు, దుప్పటి తీయాల్సిన పని లేదు, అయిదు నిమిషాల్లో అయిపోతుంది. మీ ఇష్టం" అన్నారు. నేను ఉండిపోయి అప్పుడే తీయించుకున్నాను. ఆయన ప్రతిసారీ ముందు చెప్పి చేశారు. సిస్టర్ నా తల దగ్గర నిలబడింది.

అప్పుడు నాకు బాగా అర్థమైన విషయమేమిటంటే, మనం కోరుకునేది ఆడ డాక్టర్ ఒక్కరినే కాదు. "మీ ఇష్టం" అనే ఆ మాటని కూడా. ఆయన అది అన్నారు కాబట్టే నా ఇబ్బంది సగం తగ్గింది. "ఏం పర్లేదు పడుకోండమ్మా" అని ఉంటే లేచి వచ్చేసేదాన్ని.

ఆడ డాక్టర్ అయినంత మాత్రాన మర్యాద దొరుకుతుందనీ లేదు. ఈ సంగతి కాన్పు గది చూసిన ప్రతి ఆడదానికీ తెలుసు. నా మొదటి కాన్పులో నొప్పులు భరించలేక కాళ్లు ముడుచుకుంటుంటే, డ్యూటీలో ఉన్న ఆడ డాక్టరే "అప్పుడు లేని సిగ్గు ఇప్పుడొచ్చిందా?" అంది. పక్కనున్న ఆయాలు నవ్వారు. ఆ గదిలో ఒక్క మగవాడు లేడు. అయినా నా జీవితంలో నాకు అంత అవమానం ఇంకెక్కడా జరగలేదు. చాలామంది ఆడవాళ్లు ఇలాంటి మాటలు పడి, "కాన్పంటే అంతేలే" అని సర్దుకుంటారు. నిజానికి అంతేలే అనుకోవాల్సిన విషయం కాదది. ఆడ డాక్టర్ కావాలని అడగడంతో పాటు, ఆడ డాక్టరైనా సరే కప్పి చూడాలి, చెప్పి చూడాలి, నోరు మంచిగా ఉండాలి అని కూడా అడగాలి.

ఇంకో విషయం. ఈ ఇష్టం ఎవరిది? కాన్పు గది బయట నిలబడి "మగ డాక్టరైతే వద్దు" అని భర్త అంటే, అత్తగారు అంటే, అది పేషెంట్ ఇష్టం కాదు. లోపల ఉన్న అమ్మాయిని అడిగారా? రక్తం పోతుంటే తనకి కావలసింది ఎవరైనా సరే ముందు బతికించేవాళ్లు. అలాగే తను మగ డాక్టర్ వద్దంటుంటే "నీకంత సీనేమిటి, చూపించుకో" అని కసిరే భర్తలూ ఉన్నారు. రెండూ ఒకే తప్పు. ఒళ్లు తనది, నొప్పి తనది. మాట కూడా తనదే కావాలి.

పిల్లల విషయంలో ఈ తప్పు తల్లులం మనమే ఎక్కువ చేస్తాం. పద్నాలుగేళ్ల పిల్లకి నెలసరి సరిగ్గా రావట్లేదని తీసుకెళ్లి, అన్నీ మనమే చెప్పేస్తాం, పడుకోమంటే పడుకోమంటాం. తీసుకెళ్లేముందు ఇంట్లోనే అడగాలి. "లేడీ డాక్టర్ దగ్గరికే వెళ్దామా? నేను గదిలో ఉండాలా, కాసేపు బయటికి వెళ్లాలా?" అని. మగపిల్లలకీ ఇదే వర్తిస్తుంది. వృషణాల దగ్గర వాపనో, నొప్పనో చెప్పడానికి పదమూడేళ్లవాడు ఎంత చస్తాడో! అమ్మ ముందు, లేడీ డాక్టర్ ముందు వాడు నోరు తెరవడు. ఆ నొప్పి ఒక్కోసారి గంటల్లో ఆపరేషన్ చేయాల్సినదై ఉంటుంది. "నాన్నతో వెళ్తావా?" అని ఒక్క మాట అడిగితే వాడికి కొండంత ధైర్యం.

మగవాళ్లకి సిగ్గేమిటి అనుకోవడం ఇంకో పొరపాటు. మా మామగారికి ప్రోస్టేట్ ఆపరేషన్ అయినప్పుడు మూత్రం గొట్టం మార్చడానికి ఇద్దరు చిన్న వయసు సిస్టర్లు వస్తే ఆయన దుప్పటి రెండు చేతులా పట్టుకుని వదల్లేదు. "తాతగారు మొండి" అని వాళ్లు విసుక్కున్నారు. డెబ్బై ఆరేళ్ల మనిషి, మనవరాలి వయసు పిల్లల ముందు. మావారు వెళ్లి "బ్రదర్ ఎవరైనా ఉన్నారా?" అని అడిగితే పది నిమిషాల్లో మేల్ నర్స్ వచ్చాడు, పని అయిపోయింది. మొండితనం కాదది, ఎవరూ అడగని ఇష్టం. మన నాన్నలు, అన్నలు, భర్తలు ఇలాంటివి నోరు విడిచి అడగరు. వాళ్ల బదులు మనం అడగొచ్చు.

ఇక చట్టం ఏమంటుందో చూద్దాం. అరెస్టయిన స్త్రీకి వైద్య పరీక్ష చేయాల్సొస్తే ఆడ డాక్టరే చేయాలి, లేదా ఆడ డాక్టర్ పర్యవేక్షణలో జరగాలి. పాత నేర విచారణ స్మృతిలో 53వ సెక్షన్‌లో ఉండేది, ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహితలో 51వ సెక్షన్‌లో ఉంది. మామూలు పేషెంట్‌కి అంత గట్టి చట్టం లేదు కానీ, జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారుచేసిన రోగుల హక్కుల పత్రం ఉంది. కేంద్ర ఆరోగ్య శాఖ 2019లో దాన్ని రాష్ట్రాలకి పంపింది. మగ డాక్టర్ ఆడ పేషెంట్‌ని పరీక్షించేటప్పుడు గదిలో మరో స్త్రీ ఉండేలా చూడటం ఆసుపత్రి బాధ్యత అని అందులో స్పష్టంగా ఉంది. మనకి వైద్యం చేస్తున్నది ఎవరో, వాళ్ల హోదా ఏమిటో తెలుసుకునే హక్కు కూడా ఉంది. కాబట్టి "సిస్టర్‌ని పిలవండి" అనడం మనం బతిమాలుకునే విషయం కాదు. వాళ్లు చేయాల్సిన పని వాళ్లకి గుర్తు చేయడం.

"అందరూ ఇలాగే అంటే మగ డాక్టర్లు గైనిక్ ఎలా నేర్చుకుంటారు?" అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు కూడా అంత కష్టం కాదు. అడిగి నేర్చుకోవాలి. "మా స్టూడెంట్ ఒకరు చూడొచ్చా అమ్మా?" అని మర్యాదగా అడిగితే ఒప్పుకునేవాళ్లు చాలామంది ఉంటారు. చీర పైకి జరిపి పదిమందికీ ఒకేసారి చూపించేస్తేనే ఎవరూ ఒప్పుకోరు. అడగకుండా పేదవాళ్ల ఒంటి మీద నేర్చుకున్న చదువులో మర్యాద అనే పాఠం ఎలాగూ ఉండదు.

మనం కూడా ఒక గీత గీసుకోవాలి. నేను గీసుకున్నది చెబుతాను. పరీక్షకైతే నా సౌకర్యం చూసుకుంటాను, ఆపరేషన్‌కైతే చెయ్యి తిరిగిన డాక్టర్‌ని చూసుకుంటాను. రొమ్ములో గడ్డ తీసే సర్జన్, క్యాన్సర్ డాక్టర్, మత్తు డాక్టర్ చాలా ఊళ్లలో మగవాళ్లే ఉంటారు. అక్కడ నేను అడిగేది పనితనం. ఇక అత్యవసరమైతే అసలు లెక్కే లేదు. కాన్పయ్యాక రక్తం ఆగకపోయినా, గర్భం ట్యూబులో నిలిచి పగిలినా నిమిషాలతో పని. ఎదురుగా ఉన్న డాక్టర్ ఎవరైతే వాళ్లే దేవుడు.

కానీ అత్యవసరం కాని పరీక్షల్ని లేడీ డాక్టర్ లేరనే సాకుతో ఏళ్ల తరబడి దాటవేయడం మాత్రం వద్దు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మన దేశంలో 2022 అంచనాల ప్రకారం ఏడాదికి 1.27 లక్షల మందికి కొత్తగా వస్తోంది, దాదాపు 80 వేల మంది చనిపోతున్నారు. ముందే కనిపెడితే ఆపగలిగిన క్యాన్సర్ ఇది. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఒక్కసారైనా దీనికి పరీక్ష చేయించుకున్నామన్నవాళ్లు నూటికి 1.9 మంది మాత్రమే. రొమ్ము పరీక్ష అయితే నూటికి ఒక్కరు కూడా లేరు, 0.9. తెలియకపోవడం, డబ్బు, తీరిక లేకపోవడం, అన్నీ కారణాలే. సిగ్గు కూడా ఒక కారణమని మనకి మనమే చెప్పుకోవాలి.

ఇక్కడొక మంచి విషయం ఉంది. చాలామందికి తెలియదు. ఈ పరీక్షకి పెద్ద డాక్టరే అక్కర్లేదు. ప్రభుత్వ కార్యక్రమంలో 30 నుంచి 65 ఏళ్ల ఆడవాళ్లకి అయిదేళ్లకోసారి చేయమన్న వీఐఏ పరీక్షని శిక్షణ పొందిన నర్సమ్మలే చేయొచ్చు. ముఖద్వారం మీద వెనిగర్ లాంటి పల్చని ద్రావణం అద్ది, నిమిషం ఆగి చూస్తారు. తెల్లగా మారిన చోటు కనిపిస్తే పై డాక్టర్‌కి పంపుతారు. హెచ్‌పీవీ పరీక్షకైతే శాంపిల్ మన చేత్తో మనమే తీసుకునే పద్ధతి కూడా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దాన్ని సిఫారసు చేసింది. అంటే మగ డాక్టర్ ముందుకి వెళ్లకుండానే మొదటి మెట్టు దాటొచ్చు. మీ దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలోనో, పీహెచ్‌సీలోనో ఏ రోజు చేస్తారో ఏఎన్ఎంని గానీ, ఆశా కార్యకర్తని గానీ అడగండి.

ఇక మాటల సంగతి. అడగాలని ఉంటుంది, ఆ సమయానికి మాట రాదు. అందుకే కొన్ని మాటలు ముందే నోట్లో ఉంచుకుంటే మంచిది. నేనిప్పుడు వాడేవి ఇవి.

ఫోనులో అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే: "ఈ పరీక్ష ఎవరు చేస్తారండీ? లేడీ డాక్టర్ ఏ రోజుల్లో, ఏ టైముకి ఉంటారు?" ఫోనులో పక్కన ఎవరూ వినరు కాబట్టి సిగ్గు కూడా తక్కువ.

డాక్టర్ స్కాన్ రాసినప్పుడు అక్కడే: "ఇది పైనుంచి తీసేదా, లోపల నుంచి తీసేదా అండీ? అక్కడ తీసేది ఎవరు?"

మగ డాక్టరే ఉంటే: "సిస్టర్ పక్కన ఉండగా చూడండి. కప్పుకోవడానికి దుప్పటి ఇప్పించండి."

పరీక్ష మొదలయ్యే ముందు: "ఏం చేస్తున్నారో చెబుతూ చేయండి. నొప్పయితే ఆపమంటాను, ఆపండి."

స్టూడెంట్స్ వస్తే: "వీళ్లు వద్దండీ" అని గానీ, "ఒక్కరైతే పర్లేదండీ" అని గానీ. రెండూ మన మాటలే.

ఈ మాటలన్నీ మామూలు గొంతుతోనే చెప్పాలి. ఒంగి, గుసగుసగా చెబితే అది తప్పు పనిలా వినపడుతుంది. మనం మామూలుగా అడిగితే అవతలివాళ్లకీ అది మామూలు విషయమే అవుతుంది. నలుగురు అడిగిన చోట అయిదోవాళ్లకి అడగాల్సిన అవసరమే రాదు. స్కాన్ సెంటర్ల వాళ్లు "సాయంత్రం ఆరు నుంచి లేడీ డాక్టర్ ఉంటారు" అని బోర్డు పెట్టుకుంటే పోయేదేముంది? ఖర్చు లేని పని. ఎవరూ అడగకపోతే వాళ్లకి ఆ బోర్డు పెట్టాలని తట్టదు.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఆసుపత్రి అమ్మ కూడా కాదు కదా. కాస్త గట్టిగానే అడగాలి.